ఆరు అంగుళాలకు నాలుగున్నర అడుగులు: పికప్‌కి టోయింగ్ మిర్రర్లు ఎలా ఎంచుకోవాలి?

ఈరోజు అద్దాల గురించి మాట్లాడుకుందాం. ముఖం చూసుకునే అద్దాలు కాదు, పికప్ ట్రక్కుకి రెండు పక్కలా ఉండే అద్దాలు. వెనకాల ట్రైలర్ తగిలించినప్పుడు ఆ అద్దాలు సరిపోతాయా, సరిపోకపోతే ఏవి కొనాలి, ఎంత ఖర్చు పెట్టాలి అనేదే ఈ ఎపిసోడ్.

నేను టెక్సాస్‌లో ఉంటాను. నాది ఫోర్డ్ ఎఫ్-150. దాని వెనకాల ట్రావెల్ ట్రైలర్ కట్టుకుని ఏడాదికి ఐదారుసార్లు బయటికి వెళ్తాం. ఇండియాలో చూస్తున్నవాళ్ల కోసం చెప్తున్నా, ట్రావెల్ ట్రైలర్ అంటే చక్రాల మీద చిన్న ఇల్లు అన్నమాట. మంచం, వంటగది, బాత్రూమ్ అన్నీ అందులోనే ఉంటాయి. దానికి ఇంజిన్ ఉండదు, ట్రక్కే లాగాలి.

ఈమధ్య మా పిన్ని కొడుకు డల్లాస్‌లో సెకండ్ హ్యాండ్ పికప్ కొన్నాడు. ఫ్రెండ్ దగ్గర ట్రైలర్ తీసుకుని బిగ్ బెండ్ నేషనల్ పార్క్‌కి వెళ్దామని ప్లాన్. అంటే వెళ్లడానికే 500 మైళ్లకు పైన. బండిలో మరదలు, ఏడాది పాప. నాకు ఫోన్ చేసి, "అన్నా, వెనకాల కెమెరా ఉంది కదా, మళ్లీ అద్దాలకి డబ్బులు ఎందుకు?" అని అడిగాడు. ప్రశ్న న్యాయమైనదే. వాడికి ఫోన్లో చెప్పిన జవాబునే ఇప్పుడు లెక్కలతో సహా మీకూ చెప్తాను.

ముందు కొలతలు చూద్దాం. ఎఫ్-150 బాడీ వెడల్పు అద్దాలు వదిలేస్తే సుమారు 80 అంగుళాలు. మామూలు అద్దాలు కూడా కలుపుకుంటే ఈ చివరి నుంచి ఆ చివరికి సుమారు 96 అంగుళాలు అనుకోండి. ట్రావెల్ ట్రైలర్లు ఎక్కువగా 96 అంగుళాల వెడల్పు ఉంటాయి, పెద్దవి 102 అంగుళాల దాకా వస్తాయి. 102 అంటే ఎనిమిదిన్నర అడుగులు. ఇప్పుడు 102 ట్రైలర్‌ని 96 అద్దాలున్న ట్రక్కు వెనకాల పెట్టండి. ఒక్కో పక్క మూడేసి అంగుళాలు ట్రైలరే బయటికి ఉంటుంది. అద్దం దాని నీడలో దాక్కున్నట్టు ఉంటుంది.

"మూడు అంగుళాలే కదా" అనిపిస్తుంది. దగ్గరలో చూస్తే నిజంగా చిన్న తేడానే. కానీ చూపు గీత ఎంత దూరం వెళ్తే ఆ తేడా అంత పెరుగుతుంది. లెక్క వేద్దాం, ఫోన్ పక్కన పెట్టి కాగితం తీసుకున్నా సరే.

అద్దం నుంచి ట్రైలర్ ముందు గోడ దాకా 17 అడుగులు, ట్రైలర్ పొడవు 24 అడుగులు అనుకుందాం. ట్రైలర్ చివర నుంచి ఇంకో 200 అడుగుల వెనక ఒక కారు వస్తోంది. మీ చూపు గీత అద్దం అంచు నుంచి బయల్దేరి, ట్రైలర్ ముందు మూలని తప్పించుకుని వెనక్కి వెళ్లాలి. 17 అడుగుల దూరంలో మూడు అంగుళాలు పక్కకి జరిగిన గీత, ఆ కారు దగ్గరికి వెళ్లేసరికి ట్రైలర్ పక్క గోడ నుంచి సుమారు 40 అంగుళాలు బయటికి పోయి ఉంటుంది. అంటే మూడడుగుల పైనే. ఆ గీతకి లోపల ఉన్నది ఏదీ మీకు కనబడదు. మన లేన్ దాటి పక్క లేన్‌లో కూడా అడుగున్నర మేర కనబడదు. లేన్ గీత పట్టుకుని వచ్చే మోటార్ సైకిల్ సరిగ్గా అక్కడే ఉంటుంది.

ఇప్పుడు అదే అద్దాన్ని ఆరు అంగుళాలు బయటికి లాగండి. అంటే ట్రైలర్ కన్నా మూడు అంగుళాలు బయటికి వచ్చింది. చూపు గీత ఇప్పుడు ట్రైలర్ వెనక మూలని ఆనుకుని లోపలికి తిరుగుతుంది. అదే 200 అడుగుల దగ్గర, ట్రైలర్ గోడ వరస కన్నా 14 అంగుళాలు లోపలి దాకా కనిపిస్తుంది. 40, 14 కలిపితే 54 అంగుళాలు. నాలుగున్నర అడుగులు. ఆరు అంగుళాల ప్లాస్టిక్కు, అద్దం కలిసి మీకిచ్చే చూపు అది.

ఇది రోడ్డు మీద ఎలా పనిచేస్తుందో చూడండి. మీరు గంటకు 60 మైళ్లలో వెళ్తున్నారు. వెనక కారు 75లో వచ్చి మిమ్మల్ని దాటడానికి ఎడమ లేన్‌లోకి తిరిగింది. పొడుగు అద్దం ఉంటే ఆ కారు మీ లేన్‌లోంచి కదలడం మొదలుపెట్టగానే కనిపిస్తుంది. మామూలు అద్దమైతే అది నాలుగున్నర అడుగులు పక్కకి జరిగాకే మొదటిసారి కనిపిస్తుంది. రెండు వేగాల తేడా 15 మైళ్లు, అంటే సెకనుకి 22 అడుగులు. 200 అడుగుల దూరం తొమ్మిది సెకన్లలో అయిపోతుంది. ఆ తొమ్మిది సెకన్లలో మీరు కూడా లేన్ మారదామని ఇండికేటర్ వేసి ఉంటే? ట్రక్కూ ట్రైలరూ కలిసి చాలా పొడుగు బండి మీది. తిప్పాక మళ్లీ వెనక్కి లాక్కోవడం కారులో లాగా తేలిక కాదు. పక్కకి విసురుగా లాగితే ట్రైలర్ ఊగడం మొదలుపెడుతుంది.

చట్టం కూడా ఇదే అడుగుతుంది. టెక్సాస్‌లో వేరే బండిని లాగే వాహనానికి కూడా, వెనక కనీసం 200 అడుగుల రోడ్డు కనిపించే అద్దం ఉండాలి. కాలిఫోర్నియాలోనూ అదే 200 అడుగులు. నేను లెక్కలో 200 తీసుకున్నది అందుకే.

సరే, ఏం కొనాలి? మూడు రకాలు ఉన్నాయి.

మొదటిది, బెల్టుతోనో క్లిప్పుతోనో ఉన్న అద్దానికే తగిలించేది. చవక. ఏ బండికైనా పడుతుంది, ప్రయాణం అయ్యాక తీసి డిక్కీలో పెట్టుకోవచ్చు. ఇబ్బంది ఒక్కటే, వణుకు. హైవే గాలికి, పక్కనుంచి పెద్ద పద్దెనిమిది చక్రాల లారీ దాటినప్పుడు అద్దం గజగజలాడుతుంది. వణికే అద్దంలో కారు ఉందని తెలుస్తుంది కానీ ఎంత దూరంలో ఉందో తెలియదు. అరువు ట్రైలర్‌తో ఏడాదికి ఒకసారి వెళ్లేవాళ్లకి ఇది చాలు. కానీ రెండు చోట్ల పట్టుకునే రకం తీసుకోండి, ఒకే బెల్టు మీద వేలాడేది వద్దు. పెట్రోల్ బంకులో ఆగిన ప్రతిసారీ దిగి చేత్తో కదిపి చూడండి.

రెండోది, మీ మోడల్ కోసమే చేసిన తొడుగు రకం. ఉన్న అద్దం మీద చేతికి గ్లవ్ వేసినట్టు ఎక్కుతుంది. మొదటి దానికన్నా గట్టిగా ఉంటుంది, వణుకు తక్కువ. కానీ ట్రక్కు ఏ సంవత్సరంది, ఏ ట్రిమ్‌ది అనేది సరిగ్గా చూసి కొనాలి. ఇండికేటర్ లైటు ఉన్న అద్దానికి, లేని అద్దానికి తొడుగు వేరుగా ఉంటుంది. కొన్నాక ముందు ఇంటి దగ్గరే ఎక్కించి చూసుకోండి, బయల్దేరే రోజు పొద్దున్న కాదు.

మూడోది, పాత అద్దం మొత్తం విప్పేసి దాని చోట బిగించే టెలిస్కోపిక్ అద్దం. మామూలు రోజుల్లో లోపలికి నొక్కేస్తాం, ట్రైలర్ కట్టినప్పుడు బయటికి లాగుతాం. రెండు చేతుల మీద నిలబడుతుంది కాబట్టి వణుకు బాగా తక్కువ. అద్దం కూడా పెద్దది. ఖరీదు ఎక్కువ, కంపెనీదే కావాలంటే ఇంకా ఎక్కువ. నెలకోసారి లాగేవాళ్లు, వంద మైళ్లు దాటి వెళ్లేవాళ్లు దీనికే వెళ్లాలని నా అభిప్రాయం.

ఈ మూడో రకం కొనేముందు వైర్లు చూసుకోవాలి. మీ పాత అద్దంలో ఏమేం ఉన్నాయో ఒక లిస్టు రాయండి. మోటార్‌తో తిరుగుతుందా? మోటార్‌తో మడుచుకుంటుందా? మంచు కరగడానికి హీటర్ ఉందా? ఇండికేటర్ ఉందా? బ్లైండ్ స్పాట్ హెచ్చరిక లైటు ఉందా? కింద 360 డిగ్రీల కెమెరా ఉందా? కొత్త దానిలో ఇవన్నీ లేకపోతే ఏదో ఒకటి పోగొట్టుకుంటారు. ఎఫ్-150లో బ్లైండ్ స్పాట్ సెన్సార్లు ఉండేది టెయిల్ లైట్ల దగ్గర, కానీ హెచ్చరిక లైటు వెలిగేది అద్దంలో. చవక అద్దం పెడితే సెన్సార్ పనిచేస్తూనే ఉంటుంది, మీకు మాత్రం లైటు కనబడదు. కనెక్టర్‌లో పిన్నులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఫొటో తీసి, అమ్మేవాళ్లకి చూపించి కొనండి.

తర్వాత గాజు. మంచి టోయింగ్ అద్దంలో రెండు ముక్కలు ఉంటాయి. పైన పెద్దది చదునైన గాజు, కింద చిన్నది ఉబ్బెత్తు గాజు. చదునైన దానిలో దూరం ఉన్నది ఉన్నట్టు తెలుస్తుంది. ఉబ్బెత్తు దానిలో ఎక్కువ మేర కనిపిస్తుంది, కానీ వస్తువులు చిన్నవిగా, దూరంగా ఉన్నట్టు ఉంటాయి. లేన్ మారాలా వద్దా అనేది చదునైన దాంట్లో చూసి తేల్చుకోండి. పక్కన ఎవరైనా నక్కి ఉన్నారా, ట్రైలర్ టైరు గీత తొక్కుతోందా అనేది ఉబ్బెత్తు దాంట్లో చూడండి. ఉబ్బెత్తు గాజు మాత్రమే ఉన్న చవక అద్దం ఎడమ వైపుకి తీసుకోవద్దు.

రెండు వైపులా కొనండి. "డ్రైవర్ వైపు ఒక్కటి చాలు" అనేవాళ్లు ఉంటారు. హైవే మీదికి వచ్చి కలిసేవాళ్లు ఎక్కువగా కుడి నుంచే వస్తారు. డ్రైవర్ కూర్చునేది ఎడమవైపు కాబట్టి కుడివైపే తక్కువ కనిపిస్తుంది.

ఇప్పుడు మా తమ్ముడి ప్రశ్న, కెమెరా. ట్రక్కు వెనక ఉన్న కెమెరా ట్రైలర్ తగిలించాక ట్రైలర్ ముందు గోడనే చూపిస్తుంది. ట్రైలర్ వెనక వేరే కెమెరా పెట్టుకుంటే చాలా మంచిది. అద్దం ఎంత పొడుగున్నా సరిగ్గా మన వెనకే వచ్చే బైకు అందులో కనబడదు, దానికి కెమెరానే గతి. కానీ వానకి, బురదకి, సిగ్నల్ పోయినా కెమెరా ఆగిపోతుంది. అద్దం ఆగదు. కాబట్టి ముందు అద్దాలు, ఆ తర్వాత కెమెరా. మా వాడు తొడుగు రకం రెండు అద్దాలు కొన్నాడు. అరువు ట్రైలర్‌కి అది సరైన ఖర్చే.

కొన్నాక చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ట్రైలర్ తగిలించి, ఖాళీ పార్కింగ్‌లో ట్రక్కూ ట్రైలరూ ఒకే వరసలో ఉండేలా తిన్నగా ఆపండి. సీటులో మామూలుగా ఎలా కూర్చుంటారో అలాగే కూర్చోండి, మెడ చాచొద్దు. అద్దం లోపలి అంచున ట్రైలర్ గోడ సన్నటి చీలికలా కనిపించాలి, మిగతాదంతా రోడ్డే ఉండాలి. ఒకరిని ట్రైలర్ వెనక మూల దగ్గర గోడకి ఆనుకుని నిలబడమనండి. కనిపించాలి. తర్వాత వాళ్లని అదే వరసలో 80 అడుగులు వేస్తూ వెనక్కి వెళ్లమనండి, మామూలు మనిషి నడకలో అది సుమారు 200 అడుగులు. నడుస్తున్నంతసేపూ మనిషి మాయం కాకూడదు. ఎక్కడైనా మాయమైతే అద్దం ఇంకా బయటికి లాగాలి, లేదా ఆ అద్దం మీ ట్రైలర్‌కి చాలదు.

ఈ పరీక్ష బండి నడిపే ప్రతి ఒక్కరూ విడిగా చేయాలి. మా ఇంట్లో సగం దూరం మా ఆవిడే నడుపుతుంది. ఆవిడ నాకన్నా పొట్టి, సీటు ముందుకి జరుపుకుంటుంది. నా కంటికి కుదిరిన అద్దంలో ఆవిడకి ఆకాశమే కనిపిస్తుంది. అందుకే డ్రైవర్ మారినప్పుడల్లా అద్దాలు సర్దుకోవడానికి ఒక నిమిషం ఆగుతాం, పిల్లలు వెనక నుంచి ఎంత గోల చేసినా సరే.

ట్రైలర్ విప్పేశాక అద్దాలు లోపలికి నొక్కేయండి, క్లిప్పువైతే తీసేయండి. బయటికి సాగిన అద్దంతో గరాజ్‌లోకో, బ్యాంకు డ్రైవ్-త్రూలోకో వెళ్తే ముందు తగిలేది అదే.

చివరగా మన ఊళ్లలో చూస్తున్నవాళ్లకి ఒక మాట. మీకు ట్రావెల్ ట్రైలర్ ఉండకపోవచ్చు. కానీ ట్రాక్టర్ ట్రాలీ మీద వరిగడ్డి రెండు పక్కలా పొంగేలా ఎత్తి రోడ్డెక్కుతారు కదా, లెక్క అచ్చం ఇదే. లోడు ఎంత బయటికి వచ్చిందో, అద్దం దానికన్నా బయటికి ఉండాలి. లేకపోతే హారన్ కొడుతూ దాటబోయే బైకు కుర్రాడు మీ అద్దంలో లేనట్టే. టేపు పెట్టి లోడు వెడల్పు ఒకసారి కొలవండి, తర్వాత అద్దాల వెడల్పు కొలవండి. రెండో అంకె పెద్దదిగా ఉంటేనే బండి కదిలించండి.

మీ ట్రక్కు ఏదో, ట్రైలర్ వెడల్పు ఎంతో కింద రాయండి, ఏ రకం సరిపోతుందో నాకు తెలిసినంతలో చెప్తాను. వచ్చే ఎపిసోడ్‌లో హిచ్ మీద ఎంత బరువు పడాలో మాట్లాడుకుందాం. ఉంటానండి.