జఠర క్యాన్సరు: మడిచి దాచిన కాగితము



1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి మద్రాసు రాష్ట్రములో చేరినప్పుడు మన పెద్దలు పట్టాలను, దస్తావేజులను పెట్టెలో భద్రపరచిరి. తెలియని మాట యుండినచో తెలిసినవారిచే చదివించుకొనిరి. అంతటి జాగ్రత్త గల మన యిండ్లలోనే ఆసుపత్రి కాగితము మాత్రము చదువకయే మడిచి దాచబడుచున్నది. నేడు ఆ కాగితమును గూర్చియే మనవి చేయదలచితిమి.

మా బంధువుల యింట ఒక పెద్దమ్మకు కడుపులో క్యాన్సరు కలదని తేలినది. ఎండోస్కోపు గొట్టముతో లోపలి ముక్క తీసి పరీక్షించి ఫలితమును ఆంగ్లములో వ్రాసి యిచ్చిరి. క్యాన్సరు అను మాట కనబడగానే కాగితము మడిచివేసితిమి. దాని ప్రక్కన 'డిఫ్యూజ్' అని మరొక మాట యున్నది. అదేమని మాలో నెవ్వరమును అడుగలేదు. ఆమె పోయిన మూడేండ్లకు ఆమె కుమార్తెకు, నలుబదియేండ్లు నిండకమునుపే, అదే వ్యాధి కనబడినది. అప్పుడు గాని ఆ మాట విలువ మాకు తెలియలేదు.

జఠర క్యాన్సరు ఒకే వ్యాధి కాదు. కణముల అమరికను బట్టి ఫిన్లాండు శాస్త్రజ్ఞుడు పెక్క లౌరెన్ 1965లో దానిని ముఖ్యముగా రెండు రకములుగా విభజించెను.

మొదటిది 'ఇంటెస్టైనల్' రకము. ఇందు కణములు ఒకదాని నొకటి అంటిపెట్టుకొని, ప్రేగులలోని గ్రంథులను పోలి పెరుగును. ఇది వృద్ధులలోను, అందును పురుషులలోను ఎక్కువ. దీని వెనుక పలు సంవత్సరముల చరిత్ర యుండును: మొదట జఠరపు లోపొర వాచును, పిదప పలుచనగును, తరువాత ప్రేగు పొరవలె మారును, కొందరిలో తుదకు క్యాన్సరగును. ఈ వాపునకు ముఖ్యకారణము హెలికోబాక్టర్ పైలోరి యను సూక్ష్మజీవి. దానిని కనుగొన్న ఆస్ట్రేలియా వైద్యులు వారెన్, మార్షల్ గార్లకు 2005లో నోబెల్ బహుమానము లభించెను. ఈ జీవి సోకిన వారిలో చాలమందికి క్యాన్సరు రాదు. అయినను అధికమగు ఉప్పు, పొగాకు తోడైనచో అపాయము హెచ్చును.

రెండవది 'డిఫ్యూజ్' రకము. ఇందు కణములు కూడియుండక విడివిడిగా జఠరపు గోడలోనికి ప్రాకిపోవును. కొన్నిటిలో కణకేంద్రము ఒక ప్రక్కకు ఒరిగి, సూక్ష్మదర్శినిలో ముద్ర టుంగరమువలె కనబడును. గడ్డగాని పుండుగాని స్పష్టముగా కనబడకయే గోడ దళసరియై బిరుసెక్కవచ్చును. ఇది చిన్న వయసువారికిని వచ్చును, స్త్రీలను విడిచిపెట్టదు.

ఇక కాలక్రమమున వచ్చిన మార్పు. పెక్కు దేశములలో జఠర క్యాన్సరు కొన్ని దశాబ్దులుగా తగ్గుచున్నది. ఉప్పులో ఊరవేసిన ఆహారము తగ్గి, తాజా కూరలు, పండ్లు, శీతలపేటికలు, పరిశుభ్రత పెరుగుటయే కారణములని పండితుల అభిప్రాయము. కాని ఈ తగ్గుదల ప్రధానముగా మొదటి రకమునకు చెందినది. రెండవది అంతగా తగ్గలేదు. 1954లో స్థాపితమైన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1980 దశాబ్దినుండి చెన్నైలోని రోగుల లెక్కలను నమోదు చేయుచున్నది. ఆ తొలి సంవత్సరములలో పురుషులకు వచ్చు క్యాన్సరులలో జఠరముది ముందు వరుస. తరువాత అచ్చటను తగ్గుదల కనబడినది. సంతోషమే. అయినను, ముసలివారి వ్యాధి, తగ్గిపోవుచున్న వ్యాధి యని మనము నిశ్చింతగా నుండరాదు.

డిఫ్యూజ్ రకములో కొన్ని వంశమున వచ్చును. కణములను ఒకదానితో నొకటి అంటించి యుంచు పదార్థమునకు మూలమైన సీడీహెచ్‌1 జన్యువులోని లోపమే యిందుకు ముఖ్యకారణమని 1998లో న్యూజిలాండు మావోరీ కుటుంబములను పరిశీలించి తెలిసికొనిరి. కావున ఏబదియేండ్లలోపు ఒకరికి ఈ రకము వచ్చినను, లేక ఒకే కుటుంబమున ఇద్దరికి జఠర క్యాన్సరు వచ్చి అందొకటి ఈ రకమైనను, రక్తసంబంధీకులు జన్యుపరీక్షను గూర్చి వైద్యుని అడుగవలెను. మా యింట ఈ ప్రశ్న కలుగుటకే ఆలస్యమైనది.

నాలుగు ముద్దలకే కడుపు నిండుట, కారణము లేక బరువు తగ్గుట, మాటిమాటికి వాంతి, నల్లని విరేచనము, రక్తహీనత: వీనిని గ్యాసు మాత్రలతో నెలల తరబడి అణచిపెట్టవలదు. తిరువళ్ళూరులో 2022నుండి ప్రభుత్వ వైద్యకళాశాల కలదు. అడయారు, వేలూరు, తిరుపతి మనకు దూరము కావు.

ముక్కపరీక్ష జరిగినచో రెండు ప్రశ్నలు అడుగుడు: ఇది ఏ రకము? సూక్ష్మజీవి కలదా? రోగి మనసు నొచ్చునని దాచు పెద్దలను మేము తప్పుపట్టము. మేమును అట్లే చేసితిమి. కాని ఆ మాట రోగి బిడ్డలకు, తోబుట్టువులకు తెలియవలెను. ఆ కాగితమును పట్టాతోపాటు పెట్టెలో నుంచుడు; ఉంచుటకు ముందు చదివించుకొనుడు.