వందేళ్ల వరద లెక్క
ఆలంపూర్ నవబ్రహ్మ ఆలయాల పేర్లు తొమ్మిది చీటీల మీద రాసి, బాగా కలిపి, చూడకుండా ఒకటి తీయండి. స్వర్గబ్రహ్మ వచ్చే సంభావ్యత 1/9. చీటీలన్నీ ఒకే కొలతలో ఉండాలి సుమా! తీసినదాన్ని మళ్లీ వేసి కలిపితే, రెండోసారి కూడా అంతే. మొదట ఏది వచ్చిందో చీటీలకు గుర్తుండదు.

ఇదే లెక్కతో ఆలంపూర్ పక్కనున్న నది సంగతి చూద్దాం. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి అటు కర్నూలునూ ఇటు ఆలంపూర్‌నూ ముంచెత్తింది. అరుదుగా వచ్చే పెద్ద వరదను ఇంజనీర్లు ‘వందేళ్ల వరద’ అంటుంటారు. ఒకసారి వచ్చిపోయింది కదా, ఇక వందేళ్లదాకా బెంగలేదనుకుంటారు చాలామంది. పేరు అలా పెట్టారు మరి, జనాన్ని ఏమనగలం! ఏ ఏడాదైనా అంతటి వరద వచ్చే సంభావ్యత 1/100 అని మాత్రమే దాని భావం. అంటే రాకపోయే సంభావ్యత 0.99. ఏ ఏడాదికా ఏడాది వేరే అనుకుంటే, వరసగా 30 ఏళ్లు రాకుండా ఉండాలంటే ముప్పై 0.99లను గుణించాలి. దాదాపు 0.74 వస్తుంది. ఒకటిలోంచి తీసేస్తే 0.26. ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా వరద వచ్చే సంభావ్యత అది, నాలుగో వంతుకు కాస్త పైనే. ఏటి ఒడ్డున అప్పు చేసి ఇల్లు కట్టేవాళ్లకు ఇది చిన్న అంకె కాదు.