సైరను లేని కొలువు

(పట్టణ పఠనమందిరమున గావించిన ఉపన్యాసము)



మిల్లులో సైరను మ్రోగినంతనే కార్మికుని పని ముగియును. సాఫ్టువేరు కొలువునకు సైరను లేదు. వేసవిలో కాలిఫోర్నియాయందు ఉదయము తొమ్మిది గంటలగునప్పటికి హైదరాబాదులో రాత్రి తొమ్మిదిన్నర యగును. పగలంతయు కోడు వ్రాసిన యువకుడు అప్పుడు భోజనము చాలించి, అచ్చటివారితో మాటలాడుటకు మరల ల్యాప్‌టాపు తెరచును. ఆ గంట పలుచోట్ల ఏ లెక్కలోనికిని రాదు.

2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ స్థాపకులలో నొకరగు నారాయణమూర్తిగారు, దేశాభ్యుదయమునకై యువజనులు వారమునకు 70 గంటలు పనిచేయవలెనని సెలవిచ్చిరి. 2025 జనవరిలో లార్సెన్ అండ్ టూబ్రో అధిపతి మాట 90 గంటలకు పోయినది. ఆ పెద్దల దేశభక్తిని మేము శంకింపము. గాని తన సంస్థను తాను నిర్మించుకొనువాని గంట వేరు. నెలజీతగాని గంట వేరు. మొదటివానికి ఆ శ్రమ ఆస్తియై తిరిగివచ్చును. రెండవవానికి నలుబదియెనిమిది దాటిన గంట తరచుగా ఉచితముగనే పోవుచున్నది.

ఈ నలుబదియెనిమిది ఎవరును దయతో నొసగినది కాదు. మన దేశమున ఫ్యాక్టరీ కార్మికుని వారము 1922లో 60 గంటలకును, ఏడాది పొడవున నడచు ఫ్యాక్టరీలలో 1934 చట్టముచే 54కును, 1946 సవరణచే 48కిని దిగినది. 1948 చట్టము దానినే స్థిరపరచెను. ఆంధ్రప్రదేశ్ 1988 దుకాణముల, సంస్థల చట్టము కార్యాలయోద్యోగికిని వారమునకు 48 గంటలనే హద్దుగా నిర్ణయించినది. పిమ్మట సాఫ్టువేరు సంస్థలకు ప్రభుత్వములు ఆ చట్టపు నిబంధనలు కొన్నింటినుండి మినహాయింపు లొసగినవి. కార్మికులు తరములుగా పోరాడి గెలిచిన హద్దు, చదువుకొన్న బిడ్డ బల్లకడకు వచ్చునప్పటికి చెరిగిపోవుచున్నది.

"జీతములు వేలు, లక్షలు గదా, కష్టపడనేల కూడదు?" అని కొందరందురు. జీతము పనికి వెల. నిద్రకు వెల కాదు. ప్రపంచారోగ్యసంస్థయు, అంతర్జాతీయ కార్మికసంస్థయు 2021లో ప్రకటించిన పరిశోధనను చూడుడు: వారమునకు 35 నుండి 40 గంటలు పనిచేయువారికంటె 55 గంటలు, అంతకుమించి పనిచేయువారికి పక్షవాతపు ప్రమాదము 35 శాతము అధికము. బిడ్డల ఆరోగ్యమును హరించి కూర్చు సంపద దేశసంపద యెట్లగును?

వకీళ్లమగు మేమును రాత్రివేళ కక్షిదారుల కాగితములు చదువువారమే. అయినను ఏ వ్యాజ్యము స్వీకరింపవలెనో, ఏది వలదనవలెనో మా చేతిలోనున్నది. ప్రోగ్రామరుకు ఆ స్వాతంత్ర్యము అరుదు. కావున రాత్రి సమావేశము పనివేళలో చేరవలెను. దానికి మారుగా మరునాటి ఉదయము విశ్రాంతి కలుగవలెను. హద్దు దాటిన గంటకు కూలి ముట్టవలెను. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. ఫ్రాన్సు దేశమున 2017 జనవరి నుండి, పనివేళ దాటిన పిదప కార్యాలయపు పిలుపులకు బదులీయకుండు హక్కు చట్టమునకెక్కినది.

తల్లిదండ్రులారా! "మా వాడు పదునాలుగు గంటలు పనిచేయును" అని బంధువులయెదుట గొప్పలు చెప్పుకొనకుడు. వానికి నిద్రయెన్ని గంటలో అడుగుడు. యువకులారా! మీ గంటలను మీరే వ్రాసియుంచుకొనుడు. లెక్క లేని హక్కును ఏ న్యాయస్థానమునందును నిరూపింపజాలము.