అమ్మేది బూట్లు, చూపేది ఒళ్లు



ఖతర్ రాజధాని దోహాలో మాల్‌కి వెళ్తే పారిస్, మిలాన్ బ్రాండ్లు వరసగా కనిపిస్తాయి. అవే బ్రాండ్లు యూరప్‌లో పెట్టే అర్ధనగ్న ప్రకటనలు మాత్రం కనిపించవు. విదేశీ పత్రికలో అలాంటి ఫొటో వస్తే, భుజాలూ కాళ్లూ నల్ల మార్కరుతో కప్పేసి అమ్మిన సందర్భాలున్నాయి. 2014లో కొందరు స్థానిక మహిళలు కరపత్రాలు కూడా పంచారు. బయటికొస్తే భుజాల నుంచి మోకాళ్ల దాకా కప్పుకోవాలనీ, లెగ్గింగ్స్ ప్యాంటు కిందికి రావనీ వాటి సారాంశం.

విచిత్రమేమిటంటే, లండన్‌లోని హారడ్స్ డిపార్ట్‌మెంట్ స్టోర్‌ను 2010లో కొన్నది ఖతర్ ప్రభుత్వ పెట్టుబడుల సంస్థే. ఇటలీ ఫ్యాషన్ సంస్థ వాలెంటినోను 2012లో, ఫ్రాన్స్‌కు చెందిన బాల్మేన్‌ను 2016లో కొన్నదీ ఖతర్ డబ్బే. పెట్టుబడికి లేని హద్దు బొమ్మకి ఉందన్నమాట.

మన దేశమూ ఈ గొడవకు కొత్తేమీ కాదు. స్త్రీలను అసభ్యంగా చూపడాన్ని నిషేధించే చట్టం 1986లోనే వచ్చింది. 1995లో టఫ్ షూస్ ప్రకటనలో మోడళ్లు మిలింద్ సోమన్, మధు సప్రేల ఒంటిమీద బూట్లూ, ఒక కొండచిలువా తప్ప ఇంకేమీ లేవు. దానిపై ముంబైలో పెట్టిన కేసు 2009 దాకా నడిచి, చివరికి నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు.

మార్కరు బొమ్మను దాస్తుంది, కోర్టు ఏళ్లు తీసుకుంటుంది. కొనుగోలుదారుకు మాత్రం ఒక్క నిమిషం చాలు. ప్రకటనలో సరుకు గురించి ఏం చెప్పారో వెతకండి. ఏమీ లేకపోతే, కొనకండి.