పొరుగువారికి మన నుండి అభయం

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి, శుభాలు వర్షించుగాక!

 

హజ్రత్ ఇబ్రాహీమ్ (అలైహిస్సలాం) మక్కా కోసం చేసిన ప్రార్థనను దివ్యఖుర్ఆన్ బఖరా సూరా 126వ వాక్యంలో ప్రస్తావించింది. పైరు లేని ఆ లోయకు ఆయన ముందు అభయాన్ని కోరారు, ఆ తరువాతనే ఫలాలను అర్థించారు. భయమున్న చోట అన్నం కూడా రుచించదు. అందుకే ఖురైష్ సూరాలో అల్లాహ్ తన అనుగ్రహాలను గుర్తు చేస్తూ, ఆకలి తీర్చడాన్నీ, భయం తొలగించడాన్నీ పక్కపక్కనే పేర్కొన్నాడు.

ఒక ఊరు క్షేమంగా ఉన్నదని చెప్పడానికి కొలమానం ఏమిటి? హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) ఉల్లేఖనం బుఖారీలో ఉంది. ఒక వ్యక్తి దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి పేదరికం గురించి, మరొకరు వచ్చి దారిదోపిడీల గురించి మొరపెట్టుకొన్నారు. ప్రవక్త (స) అదీ వైపు తిరిగి, నీవు దీర్ఘకాలం జీవిస్తే, ఒక స్త్రీ హీరా నగరం నుండి బయలుదేరి, అల్లాహ్‌కు తప్ప మరెవరికీ భయపడకుండా కాబాకు చేరడం చూస్తావని సెలవిచ్చారు. అప్పుడు అదీ మనసులో ఒక ప్రశ్న మెదిలింది: దేశమంతా అలజడి రేపిన తయ్యి తెగ దొంగలు అప్పుడు ఏమవుతారు? గమనించండి, తయ్యి ఆయన సొంత తెగ! దొంగలు తనవారేనన్న నిజాన్ని ఆయన దాచుకోలేదు. ప్రవక్త చెప్పిన ఆ దినాన్ని ఆయన తన కళ్లతో చూశారు.

ఆ కొలమానాన్ని మన విజయవాడకు పెట్టి చూద్దాం. ఇషా నమాజు తరువాత పండిట్ నెహ్రూ బస్టాండులో దిగిన ఒక అమ్మాయి, వించిపేటకో, ఇస్లాంపేటకో, సింగ్‌నగర్‌కో నిర్భయంగా నడిచి వెళ్లగలదా? కాలువ గట్ల మీద, రైలు పట్టాల వెంట, వీధిదీపం వెలగని సందుల్లో గంజాయి మత్తులో కూర్చొనే కుర్రవాళ్లను మనం ఎరుగుదుం. పత్రికలు బ్లేడ్ బ్యాచ్ అని పేరు పెట్టిన వారినీ ఎరుగుదుం. ఈ నగరానికి భయం కొత్త కాదు. 1988 డిసెంబరు 26న ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగా హత్య, దాని వెంట చెలరేగిన అల్లర్లు, కర్ఫ్యూ మా తరం వారికి నేటికీ జ్ఞాపకమే. ఆనాటి భయం నడివీధిలో కనిపించింది. నేటి భయం మన ఇళ్లలో దాగి ఉంది.

సోదరులారా! మీకు బోధించే ముందు మా తప్పును మీ ముందు ఉంచుతున్నాం. కొంతకాలం క్రితం ఒక మొహల్లాలోని మన యువకుడు, రాత్రి డ్యూటీ ముగించుకొని ఇంటికి వెళ్తున్న ఒక హిందూ సోదరి చేతిలోని ఫోను లాక్కొని దొరికిపోయాడు. అతని తల్లి కన్నీళ్లు చూసి, ఇంట్లో అక్కకు నికాహ్ కుదిరి ఉన్నదని విని, మేము ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకొని ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాం. ఆమె తండ్రి చిరువ్యాపారి. మా వయసును, మా గడ్డాన్ని గౌరవించి, ఫిర్యాదు చేయబోనని మాట ఇచ్చారు. పరువు దక్కిందని సంతోషించాం. ఆ యువకుడు గంజాయికి బానిస అయ్యాడని మాకు అప్పటికే తెలుసు. అయినా చికిత్సకు తీసుకువెళ్లలేదు, మరునాడు పలకరించనైనా లేదు. కొన్ని నెలలకే, అడిగిన డబ్బు ఇవ్వలేదని అతడు ఒక ఆటో డ్రైవరు చేతిని బ్లేడుతో కోశాడు. ఆ చేయి తిరిగి హ్యాండిల్ పట్టుకోలేకపోయింది. ఆ అమ్మాయి తండ్రి బజారులో ఎదురై ఒకే మాట అడిగారు: “సాయిబు గారూ, ఆ రోజు మీరు మా ఇంటికి రాకుండా ఉంటే, అతని చేయి బాగుండేది కదండీ?” మా వద్ద సమాధానం లేదు.

అప్పుడు మఖ్జూమ్ తెగ స్త్రీ ఉదంతం మాకు గుర్తుకు వచ్చింది. ఆమె దొంగతనం చేసినప్పుడు, గొప్ప వంశం పరువు పోతుందని ఖురైషీయులు హజ్రత్ ఉసామా (రజి) చేత సిఫారసు చేయించారు. ప్రవక్త (స) ముఖం వివర్ణమైంది. బలవంతులను వదిలి బలహీనులను శిక్షించినందుననే పూర్వ జాతులు నాశనమయ్యాయని, తన కుమార్తె ఫాతిమా చేసినా శిక్ష తప్పదని ప్రకటించారు. ఉసామా తన తప్పు గ్రహించి, తన కోసం క్షమాపణ వేడమని కోరారు. ఈ ఉదంతంలో మనం మరచిపోయే భాగం ఒకటి ఉంది. ఆ స్త్రీ చక్కగా పశ్చాత్తాపపడింది, వివాహం చేసుకొంది. ఆమె తన అవసరాలు చెప్పుకొనేందుకు వస్తూ ఉండేదని, తాను వాటిని ప్రవక్త (స)కు విన్నవించేదాన్నని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. నేరాన్ని దాచలేదు, నేరం చేసిన మనిషిని వెలివేయలేదు. మేము ఈ రెండింటినీ తలక్రిందులు చేశాం. నేరాన్ని దాచాం, మనిషిని గాలికి వదిలేశాం.

పీడకుడైనా, పీడితుడైనా నీ సోదరునికి సహాయపడమని ప్రవక్త (స) బోధించారు. పీడకునికి సహాయమంటే అతని చేతిని ఆపడమేనని వారే వివరించారు.

2024 సెప్టెంబరులో బుడమేరు కట్టకు గండ్లు పడినప్పుడు, నీరు సింగ్‌నగర్‌లో ఎవరి ఇంటినీ మతం అడిగి ప్రవేశించలేదు. గండి చిన్నదిగా ఉన్నప్పుడు పూడ్చడానికి నాలుగు బస్తాల మట్టి చాలు, పెద్దదైతే సైన్యం రావలసి వస్తుంది. ఓడ అడుగున కూర్చొని రంధ్రం చేసే వారిని పైవారు ఆపకపోతే అందరూ మునిగిపోతారన్న ప్రవక్త (స) ఉపమానాన్ని మన డెల్టా ప్రజలకు వేరుగా వివరించనక్కరలేదు.

కనుక ఈ జుమా నాడు కొన్ని సంకల్పాలు చేద్దాం. బిడ్డ జేబులో గంజాయి కనిపిస్తే, కోడలు రాదేమో, అల్లుడు రాడేమో అని దాచకండి. 14446 నంబరుకు ఫోను చేసి చికిత్స గురించి అడగండి. మత్తుకు బానిస అయినవాడు తనంతట తానుగా ముందుకు వచ్చి, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో చికిత్స పొందితే, వాడకం నేరానికి విచారణ నుండి మినహాయింపునిచ్చే వీలు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 64ఎ సెక్షనులో ఉంది. అమ్మేవారి సమాచారాన్ని 1972కు, ఆపద వేళ 112కు తెలియజేయండి. బాధితుడు ఏ మతస్థుడైనా, సాక్ష్యానికి పిలిస్తే వెళ్లండి. సాక్ష్యం మనకూ, మన తల్లిదండ్రులకూ విరుద్ధమైనా న్యాయం పక్షాన నిలవమని నిసా సూరా 135వ వాక్యం ఆదేశిస్తోంది. అయితే అనుమానంతో ఎవరినీ కొట్టకండి, వదంతులను ఫోన్లలో పంపకండి.

ఇకమీదట రాజీ కోసం మా వద్దకు వచ్చే తల్లిదండ్రులకు మా మాట ఇది: బాధితుని నోరు మూయించడానికి మేము రాము. మీ అబ్బాయి వెంట ఠాణాకు వస్తాం, ఆసుపత్రికి వస్తాం, అతడు తిరిగి వచ్చిన రోజున మొదటి వరుసలో మా పక్కన నిలబెట్టుకొంటాం.

ఎవని కీడు నుండి పొరుగువాడు సురక్షితంగా లేడో అతడు విశ్వాసి కాడని ప్రవక్త (స) ప్రమాణం చేసి చెప్పారు. యా అల్లాహ్! మా నగరాన్ని అభయనగరంగా చెయ్యి. దారి తప్పిన మా బిడ్డలను నీ వైపు మరలించు. గాయపడిన ఆ చేతికి స్వస్థత ప్రసాదించు. మా సిఫారసును, మా మౌనాన్ని క్షమించు. ఆమీన్.