అతికిన మాంసము – ఆగని నెత్తురు



ఒకచోటి చర్మమాంసములతో వేఱొకచోటి లోపమును పూరించు శస్త్రవైద్యము మన దేశమునకు క్రొత్త కాదు. నుదుటి చర్మముతో ముక్కును నిర్మించిన పూనా ప్రాంతపు వైద్యుని నేర్పును 1794లో లండను పత్రిక యొకటి ప్రకటించెను. ఆయన ఇటుకలు చేయు కులమువాడట!

అతుకుట ఒక యెత్తు; అందులో నెత్తురు పాఱుట వేఱొక యెత్తు. నేడు రెండు మిల్లీమీటర్ల నాళములను సూక్ష్మదర్శిని సాయమున, వెండ్రుకకన్న సన్నని దారముతో కుట్టుచున్నారు. ధమని తాకినంతనే అత్తిపత్తివలె ముడుచుకొనును. అప్పుడు దానిపై పాపవరిన్ చుక్కలు వేయుదురు. ఇది 1848లో నల్లమందునుండి వేఱుచేయబడినదే కాని మత్తు కలిగింపదు. నాళపుగోడలోని కండరమును సడలించును. గడ్డకట్టకుండ హెపారిన్ ద్రవముతో నాళమును కడుగుదురు. హెపారిన్ మోతాదు మీఱినచో గాయమే స్రవించును.

ధమని బాగున్నను సిర మూసికొనినచో ఆ భాగము నీలమై ఉబ్బును. అందులకు జలగయే మందు! పొలములో జలగను పీకిన పిమ్మటను నెత్తురు కాఱుట రైతులెల్లరు ఎఱిగినదే. దాని లాలాజలములోని హిరుడిన్ అందుకు కారణము. 1985లో బోస్టనులో ఒక బాలుని చెవి ఇట్లే దక్కెను. అయితే చెఱువు జలగ పనికిరాదు; వైద్యమునకై పెంచినవానినే, ఆంటీబయాటిక్ మందులతో కూడ వాడుదురు.

చుట్ట, సిగరెట్టులను కొన్ని వారములకు ముందే మానవలెను. నికోటిన్ ఆ చిన్న నాళములనే బిగించును.

శస్త్రచికిత్సానంతరము నర్సు గంటగంటకు ఆ భాగమును వ్రేలితో నొక్కి రంగు చూచును. తెల్లబడినను, నల్లబడినను అర్ధరాత్రియైనను రోగిని మరల శస్త్రశాలకు కొనిపోవుదురు.