నోటికి, దవడకు ఆపరేషన్ – ఎప్పుడు అవసరం?



నేను డాక్టరును కాను, బడిపంతులును. తెలిసినంతవరకు నాలుగు మాటలు మనవి చేస్తాను.

నోట్లో పుండు లేస్తే "వేడి చేసింది, అదే తగ్గుతుంది" అని ఊరుకుంటాం. మామూలు పుండు వారం పది రోజుల్లో మానుతుంది. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ, మెడలో గడ్డ కనిపిస్తే డాక్టరుకు చూపించి తీరాలి. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతామంటే భయపడి పారిపోకండి. కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందన్న మాట నిజం కాదు. తొలిదశలో చిన్న కోతతో పోయేది, ఆలస్యమైతే దవడ ఎముకే తీయవలసి రావచ్చు.

మన విందు పాన్ లేకుండా ముగియదు. "జర్దా లేదు, వట్టి వక్కే కదా" అంటారు. వట్టి వక్క కూడా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2003లో తేల్చింది. వక్క, గుట్కా నమిలేవారికి బుగ్గల లోపలి పొర గట్టిపడుతుంది. కారం తగిలితే మంట, తర్వాత నోరే తెరుచుకోదు. మీ మూడు వేళ్లు ఒకదానిమీద ఒకటి నిలువుగా నోట్లో పెట్టి చూడండి. పట్టకపోతే ఆ రోజే అలవాటు మానండి, డాక్టరును కలవండి. ముదిరితే ఆపరేషన్ చేసి నోరు తెరిపిస్తారు. ఆ తర్వాత నెలల తరబడి నోటి వ్యాయామం చేయకపోతే మళ్లీ బిగుసుకుంటుంది.

బిడ్డ పెదవి చీలి పుడితే గ్రహణమొర్రి అంటాం. పేరు అలా పడిందిగాని గ్రహణానికీ దానికీ సంబంధం లేదు. తల్లిని నిందించడం అన్యాయం. పెదవికి సాధారణంగా 3 నుంచి 6 నెలల వయసులో, అంగిలికి 9 నుంచి 18 నెలల మధ్య ఆపరేషన్ చేస్తారు. "పెళ్లినాటికి చూద్దాంలే" అనుకుంటే పిల్ల మాట ముక్కుతోనే నిలిచిపోవచ్చు.

జ్ఞానదంతం ప్రతిదీ తీయనక్కరలేదు. మాటిమాటికీ వాస్తుంటే, పక్క పన్నును పాడుచేస్తుంటే తీయాలి. బండి మీదనుంచి పడ్డాక పై పళ్లు, కింది పళ్లు మునుపటిలా కలవకపోతే దవడ విరిగిందేమో చూపించాలి. దవడ కింద వాపు, జ్వరం వచ్చి మింగడం, ఊపిరి కష్టమైతే అర్ధరాత్రైనా ఆసుపత్రికి పోవలసిందే.

హైదరాబాదులో అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల, రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి మన ప్రభుత్వానివే.

చివరిగా ఒక్క మనవి. మన సంఘం ఏడాదికి ఒక్క రోజు, టార్చిలైటుతో అందరి నోళ్లూ చూపించే ఏర్పాటు చేయాలి. ముఖం పాడుచేసేది ఆపరేషన్ కాదు, ఆలస్యం. సెలవు.